చెక్క పైపు చేసేవారి సందేహాలు: ‘బాగుంది’ అన్న మాటతో ఏం చేయాలి?

చెక్కతో పొగాకు పైపులు తయారుచేసే పాఠకులు రాసిన ఉత్తరాలను ఈసారి ఒకచోట చేర్చాం. పరికరాల గురించి అడిగినవారు తక్కువ. తాము చేసిన పైపును చూసినవారో వాడినవారో అన్న మాటను ఎలా అర్థం చేసుకోవాలని అడిగినవారే ఎక్కువ. జవాబులు చదివేటప్పుడు తికమక లేకుండా భాగాల పేర్లు ముందే చెప్పుకుందాం. పొగాకు నింపే భాగం గిన్నె, దాని లోపలి ఖాళీ గుంట, గిన్నె నుంచి నోటివైపుకు సాగే చెక్క భాగం కాడ, నోట్లో పెట్టుకునే గొట్టం స్టెమ్, స్టెమ్ కొసన పళ్ళ వెనక ఆనే గట్టు బటన్. స్టెమ్ రెండో కొసన సన్నగా ఉండి కాడలోకి దూరే ముక్క టెనన్, అది దూరే రంధ్రం మోర్టైస్. కాడ, స్టెమ్ కలిసేచోటు కీలు.

ప్రశ్న: నేను కొంతకాలంగా బ్రయర్ చెక్కతో పైపులు చేస్తున్నాను. ఫొటోలు చూసిన మిత్రులందరూ బాగున్నాయనే అంటారు. ఈమధ్య, చాలా ఏళ్ళుగా ఈ పనిలో ఉన్న ఒక పెద్దాయనకు రెండు పైపులు పంపించాను. ‘స్టెమ్ మందంగా ఉంది, కాడ గిన్నెలో కలిసేచోట గీత తెగింది, బటన్ పెదవికి గుచ్చుకుంటోంది, కొత్త ఆకారాల జోలికి పోకుండా కొన్నాళ్ళు మామూలు బిలియర్డ్ ఆకారమే చేయండి’ అని నాలుగు ముక్కల్లో జవాబు రాశారు. మెచ్చుకోలు ఒక్కటీ లేదు. ఆయన మాట పట్టించుకోవాలా? ఒకే ఆకారం చేస్తూ కూర్చుంటే నాకంటూ ఒక శైలి ఎప్పటికి ఏర్పడుతుంది?

జవాబు: ఆ ఉత్తరాన్ని జాగ్రత్తగా దాచుకోండి. అందులో ఉన్న మాటలన్నీ పైపు మీద ఒక్కో చోటును వేలుపెట్టి చూపిస్తున్నాయి. అలా చూపించాలంటే ఆయన మీ పైపులను తీరిగ్గా చేతిలోకి తీసుకుని, నోట్లో పెట్టుకుని, వెలుగుకు ఎత్తి చూసి ఉండాలి. మెచ్చుకోలుకు పట్టే సమయం కన్నా అది చాలా ఎక్కువ సమయం. మీ మిత్రులు అబద్ధం చెప్పారని కాదు. వారు చూసింది ఫొటోను, ఆయన చూసింది పైపును. ఒక పక్కనుంచి తీసిన ఫొటోలో చెక్క చారలు, రంగు, మెరుగు అందంగా కనిపిస్తాయి. బరువు ఎటు లాగుతోందో, కీలు ఎంత బిగువుగా ఉందో, గాలి ఎంత సులువుగా నడుస్తోందో మాత్రం ఏ ఫొటోలోనూ కనిపించవు.

ముందు స్టెమ్ సంగతి చూద్దాం. బటన్‌కు సరిగ్గా ముందు, పళ్ళు ఆనే చోట, చేతితో చేసేవారు స్టెమ్‌ను సుమారు 4 మి.మీ. మందానికి తెస్తారు. లోపలి గాలిదారి అక్కడ చదునుగా మారి 1.5 మి.మీ. ఎత్తు ఉంటుందనుకుంటే, పైనా కిందా ఒక్కో వైపు 1.25 మి.మీ. పదార్థం మిగులుతుంది. ఇంకా తగ్గిస్తే గట్టిగా కొరికేవారి పళ్ళకు స్టెమ్ చిల్లిపడే ప్రమాదం ఉంది. 5 మి.మీ. దాటితే పైపు నోట్లో ఉన్నంతసేపూ ఆ సంగతి దవడకు తెలుస్తూనే ఉంటుంది. కీలు దగ్గర, నడుమ, బటన్ ముందు ఇలా మూడుచోట్ల వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి కాగితం మీద రాసుకోండి. చాలామంది కొత్తవారి స్టెమ్‌లలో నడుమ భాగం అనవసరంగా లావుగా ఉంటుంది. ఆకురాయి రెండు కొసల దగ్గర బాగా పనిచేసి నడుమ తేలిపోవడమే దీనికి కారణం. పక్కనుంచి చూస్తే కీలు నుంచి బటన్ దాకా వాలు ఒకే తీరుగా దిగాలి, కడుపు ఉబ్బినట్టు కనిపించకూడదు.

ఇక గీత తెగడం గురించి. కాడ గిన్నెను తాకేచోట రెండు పక్కలా కొద్దిపాటి చెక్క మిగిలిపోతుంది, అక్కడికి చదును ఆకురాయి చేరదు. అర్ధచంద్రాకారపు ఆకురాయితో ఆ మూలను దించి, ఆ తరవాత సన్నగా చీల్చిన ఉప్పుకాగితం పట్టీని కాడ చుట్టూ వేసి, రెండు కొసలూ పట్టుకుని అటూ ఇటూ లాగండి. పని ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవడానికి పైపును తలకిందులుగా పట్టుకుని కిటికీ వెలుగుకు ఎదురుగా చూడండి. నిటారుగా ఉన్నప్పుడు కన్ను దాన్ని పైపుగా గుర్తుపట్టి తప్పులను తనే సర్దేసుకుంటుంది. తలకిందులైతే వట్టి గీతలే కనిపిస్తాయి, ఎక్కడ ఎత్తు ఉందో ఎక్కడ పల్లం ఉందో వెంటనే తెలిసిపోతుంది. కాడనూ స్టెమ్‌నూ విడదీసి వేరువేరుగా రుద్దితే రెండింటి అంచులూ గుండ్రబడి కీలు దగ్గర చిన్న కాలువ ఏర్పడుతుందని కూడా గుర్తుంచుకోండి. చివరి దశ వరకు రెండూ బిగించే రుద్దాలి.

బటన్ గుచ్చుకోవడం చిన్న మాటలా అనిపిస్తుంది కాని, వాడేవారు మొదట చెప్పే ఫిర్యాదు తరచుగా అదే. గిన్నెవైపు చూసే అంచు పళ్ళకు దొరికేంత స్పష్టంగా ఉండాలి. పెదవి వైపు అంచులన్నీ గుండ్రంగా తిరగాలి. పొగ బయటికి వచ్చే సన్నని చీలిక అంచులను కూడా లోపలివైపుకు మెత్తగా దింపాలి. పరీక్ష సులభమే. కొద్దిగా దూదిని పింజలా విడదీసి బటన్ చుట్టూ, చీలిక మీదుగా ఈడ్చండి. ఒక్క పోగైనా చిక్కుకుని మిగిలితే, పెదవికి గుచ్చుకునే చోటు సరిగ్గా అదే.

బిలియర్డ్ చేయమన్న సలహా మీకు శిక్షలా అనిపించినట్టుంది. నిటారు గిన్నె, దాదాపు గిన్నె ఎత్తంతే పొడవున్న కాడ, తిన్నని స్టెమ్ ఉండే ఆ ఆకారంలో తప్పు దాక్కోవడానికి చోటే ఉండదు. వంపులు తిరిగిన సొంత ఆకారంలో కాడ ఒక మి.మీ. పక్కకు జరిగితే అది శైలి అనిపించుకుంటుంది, బిలియర్డ్‌లో తప్పుగానే కనిపిస్తుంది. ఒకే ఆకారాన్ని మళ్ళీ మళ్ళీ చేసినప్పుడే రెండు పైపులను పక్కపక్కన పెట్టి, పెద్దాయన చెప్పిన లోపం తగ్గిందా లేదా అని పోల్చే వీలుంటుంది. శైలి కోసం ఆరాటపడేవారికి సిక్స్‌టెన్ ఇవార్సన్ సంగతి చెప్పాలి. 1910లో స్వీడన్‌లో పుట్టి, కోపెన్‌హాగెన్‌లో స్థిరపడి, డెన్మార్క్ పైపుల రూపురేఖలనే మార్చిన ఆ పనివాడు మొదట చేసింది పైపుల మరమ్మతు. విరిగిన టెనన్‌లు, కొరికిన బటన్‌లు, కాలిన గిన్నెలు బల్ల మీదికి వస్తూ ఉంటే ఏది ఎందుకు పాడవుతుందో ఎవరూ విడిగా చెప్పనక్కర్లేదు. ఆయన కుమారుడు లార్స్, మనవరాలు నన్నా కూడా ఆ పనిలోనే పేరు తెచ్చుకున్నారు.

పెద్దాయనకు ఇంకో బిలియర్డ్ పంపండి. ఈసారి ‘ఎలా ఉంది?’ అని మాత్రం అడగకండి. ‘బటన్ ముందు 4.2 మి.మీ. ఉంచాను, ఇంకా మందంగానే అనిపిస్తోందా, లేక వాలులో లోపం ఉందా?’ అని అడగండి. ప్రశ్న అంత ఇరుకుగా ఉంటే జవాబు కూడా మీ ఆకురాయికి అందేటట్టు వస్తుంది.

ప్రశ్న: నా పైపు కొన్న ఒకాయన, సగం పొగాకు కాలేసరికి గరగరమని శబ్దం వస్తోందని, చేదునీరు నోట్లోకి వస్తోందని, గిన్నె చెయ్యి కాలేంత వేడెక్కుతోందని రాశారు. నేను కొలతలన్నీ సరిగానే పెట్టాను. ఆయన పీల్చే తీరులో లోపం ఉందని మర్యాదగా ఎలా చెప్పాలి?

జవాబు: ఆ మాట చెప్పే ముందు పైపును వెనక్కి తెప్పించుకోండి. గబగబా పీల్చినా, తడి పొగాకు నింపినా ఇవే లక్షణాలు కనిపిస్తాయన్నది నిజమే. అయినా ఆయన పీల్చే తీరు మీ చేతిలో లేదు, పైపు ఉంది. శబ్దం మొదటి రోజు నుంచే ఉందా, కొన్ని వారాల తరవాత మొదలైందా అన్నది మాత్రం ముందే అడిగి తెలుసుకోండి. తరవాత మొదలైతే గాలిదారిలో మడ్డి పేరుకుని ఉండవచ్చు, శుభ్రం చేస్తే పోతుంది. మొదటి రోజు నుంచీ ఉంటే డ్రిల్ పనిలో వెతకాలి.

పొగాకులో ఉన్న తేమ, కాలడం వల్ల పుట్టే నీటి ఆవిరి రెండూ పొగతో కలిసి కాడలోకి వస్తాయి. దారి ఒకే వెడల్పున సాగితే ఆవిరిలో ఎక్కువ భాగం పొగతోపాటే బయటికి పోతుంది. మధ్యలో ఉన్నట్టుండి దారి వెడల్పయితే అక్కడ పొగ నెమ్మదించి, చల్లబడి, నీరుగా మారి నిలుస్తుంది. ఆ నీటి గుండా గాలి బుడగలై రావడమే ఆ గరగర. కొత్తవారి పైపుల్లో అలాంటి వెడల్పు సాధారణంగా టెనన్ కొసకూ మోర్టైస్ అడుగుకూ నడుమ ఏర్పడుతుంది. మోర్టైస్ లోతును కాలిపర్ వెనక కడ్డీతో కొలవండి, టెనన్ పొడవును కొలవండి, ఒకదానిలోంచి ఇంకొకటి తీసివేయండి. కాగితం మందమంత తేడా ఉంటే మంచిదే, ఎందుకంటే టెనన్ అడుగుకు తన్నుకుంటే కీలు ముఖాలు పూర్తిగా కలవవు. 2, 3 మి.మీ. ఉందంటే అక్కడ చిన్న నీటితొట్టి కట్టిపెట్టినట్టే. మోర్టైస్‌ను మామూలు డ్రిల్ బిట్‌తో తొలిచి ఉంటే దాని అడుగు గరాటులా ఉంటుంది, టెనన్ కొస చదునుగా ఉంటుంది, కాబట్టి పొడవులు సరిపోయినా ఖాళీ మిగులుతుంది. చదును అడుగు వచ్చే బిట్ వాడడమో, టెనన్ కొసను ఆ గరాటుకు తగినట్టు వాలుగా చెక్కడమో చేయాలి.

తరవాత పైపు క్లీనర్‌ను, అంటే నూలు చుట్టిన సన్నని తీగను, స్టెమ్ తీయకుండానే బటన్ వైపు నుంచి దూర్చండి. అది ఎక్కడా తట్టుకోకుండా గుంటలోకి రావాలి. తట్టుకుంటే, బటన్ దగ్గర క్లీనర్‌ను బొటనవేలితో నొక్కిపట్టి, అలాగే బయటికి లాగి పైపు పక్కన ఆనించి చూడండి. క్లీనర్ కొస ఎక్కడికి వచ్చిందో మెట్టు అక్కడే ఉంది. ఎక్కువసార్లు అది టెనన్‌లోని రంధ్రం కాడలోని రంధ్రానికి ఎదురుగా లేకపోవడం వల్లనే జరుగుతుంది.

ఇక వేడి. దీన్ని వేరే లోపంగా తీసుకుని గోడ మందం పెంచేముందు బటన్ చీలికను చూడండి. కాడలో గాలిదారి 4 మి.మీ. వ్యాసం ఉంటే దాని వైశాల్యం సుమారు 12.5 చదరపు మి.మీ. బటన్ దగ్గర ఎత్తు 1.5 మి.మీ.కు తగ్గినప్పుడు, అంతే పొగ నడవాలంటే అక్కడ వెడల్పు కనీసం 8.4 మి.మీ. ఉండాలి. కొసలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి ఇంకాస్త ఎక్కువే కావాలి. చాలామంది 5 మి.మీ. చీలిక పెట్టి ఊరుకుంటారు. అప్పుడు వాడేవారు బలంగా పీలుస్తారు, నిప్పు రాజుకుంటుంది, గిన్నె కాలుతుంది, ఆవిరి ఎక్కువై నీరూ ఎక్కువవుతుంది. మీ గ్రాహకుడు చెప్పిన ఫిర్యాదులన్నిటికీ మూలం ఆ ఒక్క చీలికే కావచ్చు. సూది ఆకురాయితో లోపలికి చేప తోకలా విచ్చుకునేట్టు దాన్ని వెడల్పు చేసి, ఖాళీ పైపును పీల్చి చూడండి. ఈల శబ్దం రాకుండా, కొంచెం మాత్రమే అడ్డు తెలుస్తూ గాలి రావాలి.

అది సరిగానే ఉంటే అప్పుడు గిన్నెను కొలవండి. గుంట వ్యాసం 19, 20 మి.మీ. ఉన్న పైపుకు అతి పలుచని చోట గోడ 6 మి.మీ.కు తగ్గకూడదు, అడుగు అంతకన్నా పలుచన కాకూడదు. గాలిదారి గుంటలోకి తెరుచుకునే చోటు అడుగుకు ఆనుకుని, సరిగ్గా నడుమ ఉండాలి. అంతకన్నా పైన తెరుచుకుంటే దాని కింద పొగాకు కాలకుండా తడిముద్దలా మిగులుతుంది. పైపు తిరిగి పంపేటప్పుడు ఏం మార్చారో రెండు వాక్యాల్లో రాసి, మళ్ళీ కబురు చేయమని అడగండి. ఫిర్యాదు చేయడానికి శ్రమపడిన గ్రాహకుడు మామూలుగా ఆ రెండో ఉత్తరం కూడా రాస్తాడు.

ప్రశ్న: బ్రయర్ నాకు సులభంగా దొరకదు. వేరే చెక్కతో చేసిన పైపు చూపిస్తే ‘ముందు బ్రయర్‌తో చేసి తీసుకురా’ అంటున్నారు. ఇది వట్టి పట్టింపేనా?

జవాబు: కొంత పట్టింపే, కొంత కారణం ఉంది. బ్రయర్ అంటే మధ్యధరా సముద్ర తీరాల్లో పెరిగే ఎరికా ఆర్బోరియా అనే పొద. దాని వేరుకూ కాండానికీ నడుమ నేలలో ఊరే గడ్డను తవ్వి తీస్తారు. కార్చిచ్చులో పైభాగమంతా కాలిపోయినా ఆ గడ్డ నుంచే మొక్క మళ్ళీ చిగురిస్తుంది. గడ్డను ముక్కలుగా కోసి, గంటల తరబడి నీళ్ళలో ఉడికించి, లోపలి రసాలు పోయాక నెలల తరబడి నెమ్మదిగా ఆరబెడతారు. గట్టిదనం, వేడిని ఓర్చుకోవడం, తేమను పీల్చుకోవడం, ఈ మూడూ కలిసి ఉండడం వల్లే 19వ శతాబ్దం మధ్య నుంచి ఫ్రాన్స్‌లోని సాన్-క్లోద్ పట్టణం ఈ చెక్క మీద పెద్ద పరిశ్రమనే నిలబెట్టింది.

పియర్, చెర్రీ, ఆలివ్ చెక్కలతోనూ, బురదలో శతాబ్దాలు ఊరి నల్లబడిన ఓక్‌తోనూ మంచి పైపులు చేసేవారున్నారు. పియర్, చెర్రీ అయితే గోడ కొంచెం మందంగా ఉంచాలి. చెక్క ఏదైనా పూర్తిగా ఆరి ఉండాలి. జిగురు కారే పైన్ లాంటివి, విషపూరితమైన గన్నేరు, యూ లాంటివి, రంగో పురుగుమందో పట్టించిన పాత కలప ఎట్టి పరిస్థితిలోనూ పనికిరావు. రోజ్‌వుడ్ జాతి చెక్కల పొడి చాలామందికి చర్మం మీద, ఊపిరితిత్తుల్లో దురదనూ మంటనూ కలిగిస్తుంది, కాబట్టి వాటిని గిన్నెకు వాడకపోవడమే మేలు. అసలు చెక్క పొడి ఏదైనా తేలిగ్గా తీసుకోవలసింది కాదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల వర్గంలో చేర్చింది. గుడ్డ కట్టుకుంటే చాలదు, సన్నని ధూళిని ఆపే మాస్క్ పెట్టుకోండి.

మీ అసలు ప్రశ్నకు వస్తే, విమర్శ కోసం చూపించే పైపు ఏ చెక్కదైనా ఫరవాలేదు. గాలిదారి, కీలు, బటన్‌ల మీద ఎవరు చెప్పే మాటైనా చెక్కను బట్టి మారదు. అభ్యాసానికి మామూలు గట్టి చెక్కే మంచిదని నా అభిప్రాయం. ఖరీదైన దిమ్మ చేతిలో ఉంటే మనిషి ధైర్యంగా చెక్కను తీయలేడు, పైపు మొద్దుగా మిగిలిపోతుంది.

ప్రశ్న: నాకు చెక్కపని ఇష్టమే కాని పొగతాగే అలవాటు లేదు, మొదలుపెట్టే ఉద్దేశమూ లేదు. తాగనివారు చేసిన పైపు ఎప్పటికీ బొమ్మేనని ఒకరు ఎగతాళి చేశారు. నిజమేనా?

జవాబు: నిజం కాదు. మీ ఉద్దేశం మార్చుకోనక్కర్లేదు. పైపు పొగను లోపలికి పీల్చకుండా నోట్లోనే ఉంచి వదిలినా పెదవి, నోరు, గొంతు క్యాన్సర్ల ముప్పు ఉంటుంది. పని నేర్చుకోవడానికి అంత మూల్యం చెల్లించాల్సిన అవసరం లేదు. పై జవాబుల్లో చెప్పిన కొలతలు, క్లీనర్ పరీక్ష, ఖాళీ పైపును పీల్చి చూడడం, వీటిలో దేనికీ నిప్పు అవసరం లేదు. కీలును పరీక్షించడానికి స్టెమ్‌ను బిగించి, వెనక దీపం పెట్టి, పైపును నెమ్మదిగా ఒక చుట్టు తిప్పండి. ఎక్కడ వెలుగు గీత కనిపిస్తే అక్కడ ముఖం వాలుగా ఉన్నట్టు.

మీ చేతికి అందనిది ఒక్కటే, గంటసేపు వాడాక పైపు ఎలా ప్రవర్తిస్తుందన్నది. దానికి ఇప్పటికే పైపు అలవాటున్న ఇద్దరు ముగ్గురిని ఎంచుకోండి. తాము ఎప్పుడూ వాడే పొగాకునే నింపమనండి, లేకపోతే పొగాకు రుచిని పైపు రుచి అనుకుంటారు. ఒక్కసారితో అభిప్రాయం చెప్పవద్దనండి. అడగాల్సినవి కూడా పనికి సంబంధించినవే: ఎన్నిసార్లు మళ్ళీ వెలిగించాల్సి వచ్చింది, చివర గుంటలో తడి మిగిలిందా పొడి బూడిద మిగిలిందా, పళ్ళతో పట్టుకుని చేతులు వదిలేస్తే పైపు ముందుకు వాలిందా, వేడి ఏ పక్క ఎక్కువ తెలిసింది. ‘ఎడమ పక్క ఎక్కువ వేడి’ అన్న జవాబు వస్తే మీ గుంట నడుమకు రాలేదని అర్థం, వెంటనే రెండు పక్కల గోడలనూ కొలవండి. అలా వాడి చూసిన పైపును కొత్తదిగా ఎవరికీ అమ్మకండి. అది ఆ వాడినవారికే ఇచ్చేయండి, నెలల తరవాత కూడా వారి నుంచి కబురు వస్తూ ఉంటుంది.

ప్రశ్న: గిన్నె దాదాపు పూర్తయ్యాక చెక్కలో చిన్న చిన్న గుంతలు బయటపడుతున్నాయి. చెక్కపొడి, జిగురు కలిపి నింపితే రంగు వేశాక మచ్చల్లా కనిపిస్తున్నాయని విమర్శ వచ్చింది. దీనికి దారేమిటి?

జవాబు: ఆ విమర్శ సరైనదే. జిగురు కలిసిన ముద్ద చెక్కలా రంగును పీల్చదు, ఏళ్ళు గడిచేకొద్దీ చుట్టూ ఉన్న చెక్క ముదురుతుంటే ఆ మచ్చ ఇంకా తేలిపోతుంది. బ్రయర్ నేలలో రాళ్ళ మధ్య పెరిగే గడ్డ కాబట్టి ఇసుక రేణువులు, చిన్న గుంతలు లోపల ఉండడం మామూలే, అది మీ పనిలో లోపం కాదు. ఆకారానికి ఇంకా చెక్క మిగిలి ఉంటే గుంత పోయేదాకా ఆకారాన్నే కొద్దిగా మార్చవచ్చు. లోతుగా ఉంటే ఆ పైపును నునుపుగా ఉంచాలన్న ఆలోచన మానుకుని ఉపరితలాన్ని గరుకుగా చెక్కండి, లేదా ఇసుకను వేగంగా చిమ్మే పద్ధతికి ఇవ్వండి. ఇసుక దెబ్బకు మెత్తని పొరలు అరిగి గట్టి పొరలు గట్టుల్లా నిలుస్తాయి. లండన్‌లోని డన్‌హిల్ సంస్థ ‘షెల్’ పేరుతో ఆ పద్ధతికి 1917లో పేటెంట్ కోరింది, ఇప్పుడు నునుపు పైపు కన్నా దాన్నే ఇష్టపడేవారు ఎందరో ఉన్నారు. గుంత గుంటలోపలో, గాలిదారి పక్కనో కనిపిస్తే మాత్రం ఆ గిన్నెను పక్కన పెట్టేయండి, నిప్పు అక్కడి నుంచే కాల్చుకుపోతుంది.

ఉపరితలం గురించే ఇంకో మాట. ‘రంగు వేశాక గీతలు కనిపిస్తున్నాయి’ అన్న ఫిర్యాదు కూడా మీ ఉత్తరం చివర ఉంది. ఆ గీతలు రంగు వల్ల వచ్చినవి కావు, ముందే ఉన్నాయి. 220 నంబరు ఉప్పుకాగితం గీతలు పూర్తిగా పోకముందే 400కు వెళ్ళిపోతే జరిగేది ఇదే. నంబరు మార్చిన ప్రతిసారీ రుద్దే దిశను అడ్డంగా మార్చండి, పాత దిశ గీత ఒక్కటైనా కనిపిస్తున్నంతసేపు ముందుకు వెళ్ళకండి. చివరి మెరుగుకు వార్నిష్ వద్దు. వేడికి పొక్కుతుంది, చెక్క ఊపిరి ఆపుతుంది. గుడ్డచక్రం మీద కార్నాబా మైనం పలుచగా పట్టిస్తే చాలు. వాడకంలో ఆ మెరుపు తగ్గుతుంది, మళ్ళీ పట్టించవచ్చు, కొనేవారికి ఆ సంగతి ముందే చెప్పండి.

ప్రశ్న: ఒకరు స్టెమ్ పలుచగా ఉండాలంటారు, ఇంకొకరు మందం చాలలేదంటారు. ఒకరికి ఎబొనైట్ స్టెమ్ కావాలి, ఇంకొకరికి అది రంగు మారుతుందని కోపం. అందరి మాటా వింటుంటే చెయ్యి ఆడడం లేదు. ఎవరి మాట వినాలి?

జవాబు: మొదట లోపాన్నీ ఇష్టాన్నీ విడదీయండి. క్లీనర్ దూరకపోవడం, కీలులో వెలుగు కనిపించడం, గరగర శబ్దం రావడం లోపాలు. వాటి మీద ఇద్దరు అనుభవజ్ఞులు వేరువేరుగా చెప్పరు, చెబితే కొలిచి తేల్చవచ్చు. స్టెమ్ మందం 4 మి.మీ.కు అటూ ఇటూ ఉండడం, గిన్నె ఎత్తు, రంగు, బరువు ఇష్టాలు. కట్టుడు పళ్ళు ఉన్నవారికి, పైపును గంటల తరబడి పళ్ళతోనే పట్టుకునేవారికి, చేత్తో పట్టుకుని ఆగి ఆగి పీల్చేవారికి అవసరాలు ఒకటి కావు. కాబట్టి అభిప్రాయం పక్కన ఆ మనిషి పైపును ఎలా పట్టుకుంటారో కూడా రాసుకోవాలి. అది రాయకపోతే మీ పుస్తకంలో ఉన్న రెండు వాక్యాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

ఎబొనైట్ వివాదం కూడా ఇలాంటిదే. రబ్బరును గంధకంతో కలిపి గట్టిపరచిన పదార్థం కనుక పళ్ళకు మెత్తగా ఉంటుంది, వెలుగు తగిలితే పసుపు, ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగుకు తిరుగుతుంది. అక్రిలిక్ రంగు మారదు, కాని పళ్ళకు గట్టిగా తగులుతుంది, కింద పడితే పెచ్చు ఊడవచ్చు. రెండింటిలో ఏదీ తప్పు కాదు. కొనేవారిని అడిగి చేయడమో, మీరు బాగా మలచగలిగే పదార్థానికే కట్టుబడడమో మీ ఇష్టం. కొత్తవారు ఎబొనైట్‌తో మొదలుపెట్టడమే మంచిదంటాను, ఆకురాయికి అది లొంగినంత సులువుగా అక్రిలిక్ లొంగదు.

ఒకే లోపాన్ని ఒకరికొకరు తెలియని ఇద్దరు చెబితే, తరవాతి పైపు మొదలుపెట్టేముందు దాన్ని సరిచేయండి. ఒక్కరే చెబితే రాసుకుని ఇంకో అభిప్రాయం వచ్చేదాకా ఆగండి. ఒక్కో పైపులో ఒక్క మార్పే చేయండి. బటన్, చీలిక, గుంట లోతు మూడూ ఒకేసారి మార్చిన పైపు బాగా వచ్చినా, దేని వల్ల బాగుపడిందో మీకూ తెలియదు, చూసినవారికీ తెలియదు. ప్రతి పైపుకూ ఒక సంఖ్య ఇచ్చి, ఆ సంఖ్య కింద కొలతలూ వచ్చిన మాటలూ తేదీతో రాసిపెట్టుకుంటే, వచ్చే ఉత్తరంలో మీరు మమ్మల్ని ‘ఎవరి మాట వినాలి’ అని కాక, ఫలానా సంఖ్య పైపులో ఫలానా కొలత ఎందుకు కుదరలేదని అడగగలుగుతారు. అలాంటి ప్రశ్నకు మేమూ ఇంతకన్నా సూటిగా జవాబు చెప్పగలం.